సారా వేలంపాటలు ఆగిన జిల్లాలో గ్రాంసీ: ‘సాంస్కృతిక ఆధిపత్యం’ అంటే అసలేమిటి?

టీవీ చర్చల్లో, ఫేస్‌బుక్ తగాదాల్లో ‘సాంస్కృతిక ఆధిపత్యం’, ‘భావజాల పెత్తనం’, ‘హెజిమనీ’ అనే మాటలు తరచూ వినబడుతున్నాయి. తమాషా ఏమంటే, ఒకరి ముఖం ఒకరు చూడని రెండు పక్షాలూ వాటినే వాడుతున్నాయి. పాఠ్యపుస్తకంలో ఒక అధ్యాయం తీసేస్తే వామపక్షం వాళ్లు ఆధిపత్యం అంటారు. విశ్వవిద్యాలయాలు దశాబ్దాలుగా వామపక్షం గుప్పిట్లోనే ఉన్నాయని అవతలివాళ్లు అదే మాటను తిప్పికొడతారు. మధ్యలో వినేవాళ్లకు మిగిలేది, ‘ఎవరో కూర్చుని మన బుర్రలు మారుస్తున్నారు’ అనే అనుమానం.

ఈ మాటల వెనక ఉన్నది ఇటలీ కమ్యూనిస్టు నాయకుడు ఆంటోనియో గ్రాంసీ సిద్ధాంతం. అందులో ఆ అనుమానానికి చోటు తక్కువ. అది చెప్పేది ఇదీ: ఏ వర్గమైనా లాఠీతో మాత్రమే చాలాకాలం పాలించలేదు. తన మేలే అందరి మేలు అనీ, ఇప్పుడు నడుస్తున్న పద్ధతే లోకరీతి అనీ కిందివాళ్ల చేత కూడా ఒప్పించుకోగలిగినప్పుడే దాని పెత్తనం కుదురుకుంటుంది. ఆ ఒప్పుకోలు ఊరికే రాదు. వచ్చాక ఊరికే నిలవదు కూడా. దానికోసం ఎంతో కొంత ఇవ్వాలి, సంస్థలు నడపాలి, మనుషులను పెట్టాలి. ఈ మొత్తం వ్యవహారానికి పేరు హెజిమనీ.

దీన్ని అర్థం చేసుకోవడానికి నెల్లూరు, ప్రకాశం జిల్లాల అనుభవమే చాలావరకు సరిపోతుంది. అయితే ఆలోచన పుట్టింది ఇటలీ జైల్లో కాబట్టి ముందు అక్కడికి ఒకసారి పోయిరావాలి.

టురిన్ ఓటమి, జైలు నోటుపుస్తకాలు

ఆంటోనియో గ్రాంసీ 1891 జనవరిలో సార్డీనియా దీవిలో పుట్టాడు. (అంబేడ్కర్ పుట్టిందీ ఆ ఏడాదే. ఈ వ్యాసంలో ఇద్దరూ తర్వాత ఒకచోట కలుస్తారు.) టురిన్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్రం చదువుతూ మధ్యలో వదిలేసి పత్రికల్లోకి, కార్మికోద్యమంలోకి దిగాడు. 1920లో అక్కడి ఫ్యాక్టరీలను కార్మికులు ఆక్రమించుకున్నారు. మూడేళ్ల కిందట రష్యాలో జరిగిందే ఇక్కడా జరుగుతుందని చాలామంది ఆశపడ్డారు. జరగలేదు. 1922లో ముస్సోలినీ గద్దెనెక్కాడు. 1926 నవంబరులో, పార్లమెంటు సభ్యుడిగా ఉండగానే గ్రాంసీని అరెస్టు చేశారు. 1928లో ఇరవై ఏళ్లు దాటిన శిక్ష వేశారు. 1929 నుంచి 1935 దాకా అతను నింపిన 33 నోటుపుస్తకాలను వదిన టట్యానా కాపాడింది. 1937 ఏప్రిల్ 27న, 46 ఏళ్ల వయసులో అతను చనిపోయాడు.

ఆ పుస్తకాలన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న ఒకటే. ఆకలి ఉంది, సంఘాలున్నాయి, సంఖ్యాబలం ఉంది. అయినా అంతమంది శ్రామికులు, రైతులు పాత వ్యవస్థ వైపే ఎందుకు నిలిచారు?

గ్రాంసీ జవాబు: రష్యాలో రాజ్యమే సర్వస్వం. అది కూలితే వెనక పెద్దగా ఏమీ లేదు. పశ్చిమ దేశాల్లో రాజ్యం బయటి కందకం మాత్రమే. దాని వెనక బడులు, చర్చిలు, పత్రికలు, సంఘాలు, క్లబ్బులు బురుజుల్లా వరసగా ఉన్నాయి. వీటన్నిటినీ కలిపి అతను పౌరసమాజం అన్నాడు. ఉదయగిరి దుర్గం చూసినవాళ్లకు ఈ బొమ్మ వెంటనే కళ్లకు కడుతుంది. 1513లో మొదలుపెట్టిన కృష్ణదేవరాయలకు ఆ కొండకోట లొంగడానికి ఏడాదికి పైగా ముట్టడి పట్టింది. మెరుపుదాడితో అయ్యే పని వేరు, చుట్టూ మకాం వేసి ఒక్కో బురుజూ పట్టుకుంటూ పోయే పని వేరు. మొదటిది చలన యుద్ధం, రెండోది స్థాన యుద్ధం. ఎన్నికల్లో గెలిచిన పార్టీ ‘అధికారం మాదే, కానీ వ్యవస్థ మాది కాదు’ అని వాపోతుంటే అది ఈ రెండో యుద్ధం గురించి మాట్లాడుతోందన్నమాట.

హెజిమనీ అనే మాట గ్రాంసీ సృష్టి కాదు. రష్యన్ సోషలిస్టులు అంతకుముందే వాడారు. వాళ్లకది రైతులను కూడగట్టుకుని కార్మికవర్గం వహించే నాయకత్వం. గ్రాంసీ దాన్ని తిప్పి, పాలకవర్గం ఎలా పాలిస్తుందో విప్పి చూపడానికి వాడుకున్నాడు.

ఒక కౌలు ఒప్పందాన్ని విప్పి చూస్తే

పెన్నా మీద సంగం, నెల్లూరు ఆనకట్టల కింద వరి పండే పల్లెలో ఐదెకరాలు కౌలుకు చేసే రైతును ఊహించుకుందాం. పంట పోయినా కౌలు కట్టాల్సిందే. కాగితం మీద అతను రైతు కాదు కాబట్టి బ్యాంకు అప్పు దొరకదు. నష్టపరిహారం వచ్చినా పట్టాదారు ఖాతాకే పోయే అవకాశం ఎక్కువ. అయినా ఎవరైనా అడిగితే ‘ఆయన దయవల్లే నాలుగు మెతుకులు తింటున్నాం’ అంటాడు. భయంతో అంటున్నాడా? కొంత ఉండొచ్చు. అంతా అదే అయితే సిద్ధాంతంతో పనే లేదు.

మొదట చూడాల్సింది ఇచ్చిపుచ్చుకోవడం. కూతురి పెళ్లికి ఆసామి చేబదులు ఇచ్చాడు, రాత్రిపూట ఆస్పత్రికి కారు పంపాడు, గాలివాన వచ్చిన ఏడాది కౌలులో రెండు బస్తాలు తగ్గించాడు. పాలించేవాళ్లు నిజంగానే కొంత వదులుకోవాలి, కానీ వదులుకునేది మూలానికి తగలకూడదు అంటాడు గ్రాంసీ. ఆ మూలం ఎక్కడుందో ఇక్కడ తేలిగ్గా కనబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి చట్టం ప్రకారం కౌలురైతుకు పదకొండు నెలల సాగు హక్కు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. రెండు బస్తాలు తగ్గించిన చేయి ఆ సంతకం దగ్గర ఆగిపోతుంది. కౌలురైతు కూడా గట్టిగా అడగడు. అడిగితే వచ్చే ఏడాది పొలం ఇంకొకరికి పోతుంది, పైగా ‘అంత చేసిన మనిషిని అనుమానించాడు’ అనే మాట పడాలి.

ఆ రెండో బాధ ఎక్కణ్నుంచి వచ్చిందో చూస్తే లోకజ్ఞానం దగ్గరికి చేరతాం. తరాలుగా పోగుపడిన సామెతలు, నమ్మకాలు, పాతవీ కొత్తవీ పొంతన లేకుండా కలిసిపోయిన ఆలోచనల మూటకు గ్రాంసీ పెట్టిన పేరది. ‘ఐదు వేళ్లూ సమానంగా ఉంటాయా’ అనే నోరే, ఇంకో సందర్భంలో ‘సొమ్మొకడిది సోకొకడిది’ అంటుంది. మొదటిది ఉన్నదాన్ని సమర్థిస్తుంది, రెండోది ఎత్తిపొడుస్తుంది. ఒకే బుర్రలో రెండూ ఉండటం తెలివితక్కువతనం కాదు, ఆధిపత్యం ఎప్పుడూ సంపూర్ణం కాదనడానికి గుర్తు. మార్పు తేవాలనుకునేవాళ్లు బయటినుంచి జ్ఞానం మోసుకురానక్కర్లేదు, ఆ రెండో సామెతలో ఉన్న వివేకాన్ని పట్టుకుని దానికో పొందిక ఇవ్వాలి అన్నది గ్రాంసీ వాదం.

ఈ పొందిక ఇచ్చేవాళ్లే మేధావులు. అందరికీ మేధస్సు ఉంది, సమాజంలో ఆ పని అప్పగించబడినవాళ్లు కొందరే అంటాడు. ఏ వర్గానికీ చెందనట్టు కనబడే పూజారి, పంతులు, ప్లీడరు వంటివాళ్లు సంప్రదాయ మేధావులు. ఒక వర్గంతోపాటే పుట్టి, దాని తరఫున లోకాన్ని వివరించేవాళ్లు ఆ వర్గపు సొంత మేధావులు. రొయ్యల చెరువుల ఊళ్లో ‘ఎకరాకు ఇంత మిగులుతుంది, వరి దండగ’ అని నలుగురికీ లెక్క చెప్పే మేత కంపెనీ ఏజెంటు కూడా ఈ రెండో కోవలోకి వస్తాడు. ప్రొఫెసరే కానక్కర్లేదు.

వీటన్నిటి వెనకా పోలీసు, కోర్టు, తహశీల్దారు ఉంటారు. ఒప్పుకోలు పనిచేస్తున్నంతకాలం వాళ్లను పిలిచే అవసరం తక్కువ.

దూబగుంట: ఒప్పుకోలు ఎక్కడ చిట్లింది

ఇప్పుడు 1992కి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలు. 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో పల్లెలకు చేర్చింది. ఏటా జిల్లా కేంద్రంలో వేలంపాట, పాడుకున్న కంట్రాక్టరు, అతని కింద ఊరూరా కొట్లు. దీన్ని నిలబెట్టిన లోకజ్ఞానం రెండు ముక్కలు: ‘మగాడన్నాక తాగుతాడు’, ‘సారా డబ్బు లేకపోతే సంక్షేమం ఎక్కడిది’. మొదటిది ఇంట్లో పనిచేసింది, రెండోది అసెంబ్లీలో.

ఇంతలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం వచ్చింది. అది ప్రభుత్వ కార్యక్రమం. జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు, వాలంటీర్లు, కళాజాతాలు అందులో పాలుపంచుకున్నారు. రాత్రి బడిలో ఆడవాళ్లు చదివిన వాచకంలో, సారాతో సంసారం గుల్లయిన సీతమ్మ కథ ఒక పాఠం. మెట్ట ప్రాంతంలోని దూబగుంటలో ఆడవాళ్లు ఆ చర్చను బడితో ఆపలేదు. ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు అలా బయటికొచ్చింది. వాళ్లు చేసిన పని ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా తర్వాతి వాచకంలోకి ఎక్కింది, మిగతా ఊళ్ల రాత్రి బడులకు చేరింది. కొద్ది నెలల్లో వందల ఊళ్లలో కొట్లు మూతపడ్డాయి. నెల్లూరులో సారా పాటలకు ఆడవాళ్లు అడ్డంపడితే వాయిదా మీద వాయిదా వేయాల్సి వచ్చింది.

గ్రాంసీ పనిముట్లతో ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, ఒక్క చోట తప్ప. పాఠం రాయించింది సర్కారు, వేలంపాట పెట్టిందీ సర్కారే. అంటే రాజ్యం ఒకే బుర్రతో ఆలోచించే ముద్ద కాదు. దాని ఒక చేయి అక్షరాలు పంచుతుంటే ఇంకో చేయి ప్యాకెట్లు పంచింది. ఆ రెండు చేతుల మధ్య సందులోకి ఆడవాళ్లు దూరారు. ‘వాళ్లు’ అంటూ పాలకవర్గాన్ని ఒకే మనిషిలా మాట్లాడే విశ్లేషణలు బోల్తాపడేది సరిగ్గా ఇక్కడే.

ఊరి మధ్య మొదలైంది రాష్ట్రం దాకా ఎలా పోయిందన్నది ఇంకో సంగతి. ఈనాడు పత్రిక ఈ పోరాటానికి రోజూ చోటిచ్చింది. ప్రతిపక్షాలు, వామపక్ష మహిళా సంఘాలు, గాంధేయవాదులు, నక్సలైటు సంస్థలు ఎవరి కారణాలతో వాళ్లు వెంట నిలిచారు. ఇలా వేర్వేరు ప్రయోజనాలున్న వాళ్లు ఒక డిమాండు చుట్టూ కట్టే కూటమిని గ్రాంసీ చారిత్రక కూటమి అన్న ఆలోచనకు దగ్గరగా చూడొచ్చు. నా లెక్కలో ఇది పూర్తి కూటమి కాలేదు. సారా పోవాలన్న దాంట్లో ఏకాభిప్రాయం ఉంది, కూలి గురించీ భూమి గురించీ లేదు.

గెలిచిన డిమాండు, జారిపోయిన పగ్గం

ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కరరెడ్డి 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 1994 డిసెంబరులో గెలిచిన ఎన్టీ రామారావు సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద సంతకం చేశారు, 1995 జనవరి నుంచి అది అమల్లోకి వచ్చింది. 1997లో సడలించారు.

ఆ మధ్యనే నెల్లూరులో ‘పొదుపు లక్ష్మి’ మొదలైంది. రోజుకో రూపాయి, నెలకు ముప్పై, ఏడాదికి 365. సభ్యులంతా కలిపితే గుంపుకో చిన్న మూలధనం. సారా కొట్ల ముందు కూర్చున్న ఆడవాళ్లే చాలాచోట్ల సంఘాల్లో చేరారు. తర్వాత ఇలాంటి సంఘాలే డ్వాక్రా పథకం కింద రాష్ట్రమంతా పాకాయి.

కింది నుంచి వచ్చిన ఒత్తిడిలో కొంత భాగాన్ని పైవాళ్లే అమలుచేసి, దాని పగ్గాలు తమ చేతిలోకి తీసుకోవడాన్ని గ్రాంసీ నిష్క్రియా విప్లవం అన్నాడు. ఆ కళ్లతో చూస్తే వీధిలో నిలదీసిన ఆడమనిషి బ్యాంకు వాయిదా కట్టే సభ్యురాలయింది. డిమాండు గెలిచింది, ఉద్యమం పాలనలో కలిసిపోయింది. ఇంకోవైపు వాదన కూడా బలమైనదే. వడ్డీ వ్యాపారి దగ్గర చేయిచాచే అవసరం తగ్గడం, తన పేరిట ఖాతా ఉండటం, ఎమ్మార్వో ఆఫీసులో కుర్చీ వేసి మాట్లాడించుకోవడం ఇంట్లో బలాబలాలను నిజంగానే మార్చాయి. దాన్ని ‘మింగేశారు’ అనేస్తే ఆ ఆడవాళ్ల సొంత లెక్కను కొట్టిపారేసినట్టే.

ఒప్పుకోలు లేనిచోట: కారంచేడు

1985 జులైలో, అప్పటి ప్రకాశం జిల్లా (ఇప్పటి బాపట్ల జిల్లా) కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర గేదెల కుడితి వల్ల నీళ్లు పాడవుతున్నాయని మాదిగపల్లె వాళ్లు అభ్యంతరం చెప్పారు. మర్నాడు, 17వ తేదీన, భూస్వామ్య కులం వాళ్లు దాడిచేశారు. ఆరుగురు దళితులు చనిపోయారు. బతికినవాళ్లు చీరాలలో తలదాచుకున్నారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది.

ఒక్క అభ్యంతరానికి ఇంత హింస ఎందుకు? ఒప్పుకోలు ఉన్నచోట అభ్యంతరాన్ని మందలింపుతో సర్దేస్తారు. అది లేనిచోట, లేదా పోతోందని పైవాళ్లకు అనిపించినచోట, బలప్రయోగం బయటికొస్తుంది. చరిత్రకారుడు రణజిత్ గుహ వలసపాలన గురించి ఇలాంటి మాటే అన్నాడు: బ్రిటిషువాళ్లకు భారతదేశంలో పెత్తనం దక్కింది, హెజిమనీ దక్కలేదు. ఒప్పించడం కన్నా బలవంతం పాలు ఎక్కువ అని.

ఇక్కడ అంబేడ్కర్ అక్కరకొస్తాడు. కులవ్యవస్థ మెట్లమెట్లుగా ఉన్న అసమానత. అట్టడుగు వాళ్లు తప్ప ప్రతివాళ్లకూ తమ కింద ఇంకొకరు ఉంటారు, కాబట్టి మొత్తం నిచ్చెనను కూలదోయాలన్న కోరిక అందరికీ సమానంగా పుట్టదు అన్నాడు. కిందివాళ్లు పైవాళ్లను ఎందుకు భరిస్తారన్న గ్రాంసీ ప్రశ్నకు, భారతదేశానికి సంబంధించి, గ్రాంసీ ఇచ్చినదానికన్నా ఇది పదునైన జవాబు. పైవాళ్ల బోధ కన్నా, ఒక మెట్టు పైన ఉన్నామన్న చిన్న లాభమే ఇక్కడ ఎక్కువ పనిచేస్తుంది.

రాజకీయ పక్షాలు దీన్ని ఎలా వాడుకున్నాయి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇటలీ కమ్యూనిస్టు పార్టీ నోటుపుస్తకాలను అచ్చువేసి, పార్లమెంటు మార్గానికి, సాంస్కృతిక కృషికి వాటిని ఆధారం చేసుకుంది. తెలుగునేలలో మాత్రం కమ్యూనిస్టులు గ్రాంసీని చదవకముందే ఆ పని మొదలుపెట్టారు. 1943 నాటి ప్రజానాట్యమండలి బుర్రకథలు, నాటకాలు స్థాన యుద్ధమే. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తరం గ్రంథాలయాలు, రాత్రి బడులు, కూలి సంఘాలు కలిపి నడిపింది.

కుడిపక్షం కూడా ఈ పుస్తకం తెరిచింది. ఫ్రాన్స్‌లో అలెన్ ద బెన్వా అనే రచయిత చుట్టూ చేరిన కొత్త కుడిపక్షం, ఎన్నికలకన్నా ముందు ఆలోచనల రంగం గెలవాలని గ్రాంసీని బాహాటంగానే చూపించింది. బ్రిటన్‌లో స్టువర్ట్ హాల్ అనే వామపక్ష మేధావి, ప్రధాని మార్గరెట్ థాచర్ విజయాన్ని ఇదే చూపుతో వివరించాడు. అద్దెకుంటున్న కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ) ఇళ్లను కార్మిక కుటుంబాలకు తగ్గింపు ధరకు అమ్మడం, ‘సొంతిల్లు, సొంత కష్టం’ అనే లోకజ్ఞానాన్ని తన వైపు తిప్పుకోవడం ఒకేసారి సాగాయి. రాయితీ, భావం రెండూ ఉంటేనే పని అవుతుందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మన దేశంలో 1925లో పుట్టిన ఆర్‌ఎస్‌ఎస్ శాఖలు, బడులు, సేవాసంస్థల ద్వారా పనిచేయడాన్ని చాలామంది ఈ కళ్లద్దాలతోనే చూస్తారు. చూడొచ్చు. అయితే ఆ పద్ధతి గ్రాంసీ నుంచి నేర్చుకున్నది కాదు. నోటుపుస్తకాలు అప్పటికి మొదలే కాలేదు. అలాగే ‘సంస్థల్లోకి దీర్ఘయాత్ర’ అనే నినాదాన్ని గ్రాంసీకి అంటగట్టి వామపక్ష కుట్ర అని ప్రచారం చేస్తుంటారు. అది 1960ల జర్మన్ విద్యార్థి నాయకుడు రూడీ డుచ్కేది.

సిద్ధాంతం మీద గట్టి అభ్యంతరాలు

అన్నిటికన్నా బలమైనది అమెరికా రాజకీయ శాస్త్రవేత్త జేమ్స్ స్కాట్‌ది. మలేసియాలో ఒక వరిసాగు పల్లెలో ఉండి అతను చెప్పిందేమంటే, పేదలు పైవాళ్ల మాట నమ్మరు, నమ్మినట్టు నటిస్తారు. ఆసామి ముందు ఒక మాట, గుడిసెలో ఇంకో మాట. చాటుగా ధాన్యం తీయడం, పని నెమ్మదిగా చేయడం, పేర్లు పెట్టి ఎగతాళి చేయడం వాళ్ల పోరాటం. ఇదే నిజమైతే మన కౌలురైతు ‘ఆయన దయ’ ఒప్పుకోలు కాదు, లౌక్యం.

దూబగుంట మీద ఈ రెండు వాదాలనూ పరీక్షకు పెట్టొచ్చు. సారా సంసారాలు కూలుస్తోందని ఆడవాళ్లకు సీతమ్మ పాఠం చెప్పాలా? ముందే తెలుసు. అక్కడ స్కాట్ గెలుస్తాడు. కానీ తెలిసి ఏళ్లు గడిచినా కదలనిది, పాఠం తర్వాత కదిలింది. తన ఇంటి గొడవ అనుకున్నది ఊరందరి గొడవ అని తెలియడం, పైగా సర్కారు అచ్చువేసిన పుస్తకమే అది తప్పు అనడం కొత్తగా చేరాయి. విడివిడిగా ఉన్న ఎరుకకు పొందిక దొరికితే ఏమవుతుందో గ్రాంసీ చెప్పింది అదే.

రెండో అభ్యంతరం తర్కానిది. జనం ఎదురుతిరగకపోతే హెజిమనీ పనిచేస్తోంది అంటారు, తిరిగితే బీటవారింది అంటారు. ఏది జరిగినా సిద్ధాంతం నెగ్గేటట్టయితే అది వివరించేదేమీ లేదు. జవాబు చెప్పాలంటే ఫలానా ఒప్పుకోలును ఏ సంస్థ, ఏ రాయితీ, ఏ మనుషులు నిలబెడుతున్నారో ముందే చూపించాలి. అది చూపకుండా ‘ఇదంతా హెజిమనీ’ అనే వ్యాసాలు ఏ పక్షానివైనా పక్కన పెట్టొచ్చు.

ఇంగ్లీషు మీడియం: రెండు జవాబులూ పొసగే చోటు

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో వచ్చిన జీవో 85 ప్రభుత్వ బడుల్లో 1 నుంచి 6 తరగతులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతానికి పైగా ఇంగ్లీషు మీడియమే కోరారని ప్రకటించింది.

తెలుగు మాధ్యమం కోరేవాళ్లు ఇదే అసలైన హెజిమనీ అన్నారు: వలసపాలకుల భాషే గొప్పదని బీదవాళ్లు కూడా ఒప్పుకోవడం. దళిత బహుజన మేధావుల్లో చాలామంది ఎదురు ప్రశ్న వేశారు: మీ పిల్లలు కాన్వెంటులో చదువుతుండగా మా పిల్లలకే మాతృభాష మీద ప్రేమ నేర్పడం ఎవరి పెత్తనం? దీనికి ఇంకో మడత ఉంది. బడిలో చెప్పే ప్రామాణిక తెలుగు కృష్ణా, గోదావరి జిల్లాల చదువుకున్నవాళ్ల భాష మీద కట్టుకున్నది. ‘యాడికి’, ‘ఏంది’ అనే నెల్లూరు యానాది పిల్లవాడికి పంతులు దిద్దే తెలుగు కూడా పైనుంచి వచ్చిందే.

గ్రాంసీ రెండు వైపులా మాట్లాడాడు. 1927లో జైలు నుంచి చెల్లెలు తెరెసీనాకు రాసిన ఉత్తరంలో పిల్లవాణ్ని సార్డీనియా భాష మాట్లాడనివ్వమన్నాడు. నోటుపుస్తకాల్లో మాత్రం, మాండలికం ఒక్కటే తెలిసినవాడికి లోకం ఇరుకుగా కనబడుతుంది, జాతీయ భాష నేర్చుకోక తప్పదు అన్నాడు. అతనికి రెండూ పొసగాయి. ఒకటి ఇంటి భాష, ఇంకోటి అధికారం ఉన్న చోటికి దారి.

ఆ 96 శాతంలో ఒప్పుకోలు ఎంత, ముందుచూపు లెక్క ఎంత అన్నది తేలాలంటే ఇంకో ప్రశ్న అడగాల్సి ఉండేది. ఇంజనీరింగు చదువుకీ ఉద్యోగానికీ తెలుగు చాలిన పక్షంలో ఏ మీడియం కోరుకుంటారు? తల్లిదండ్రులకు ఇచ్చిన ఫారంలో ఉన్నవి మూడు గడులే: తెలుగు తప్పనిసరి సబ్జెక్టుగా ఇంగ్లీషు మీడియం, తెలుగు మీడియం, ఇతర భాషా మీడియం.